కరువు నేల కథలు – 11: నల్లగొండ పద్ధతి

1974లో టోక్యోలో జరిగిన ఒక సదస్సులో నోరియో తనిగుచి అనే జపాన్ ప్రొఫెసర్ 'నానో టెక్నాలజీ' అనే మాటను మొదటిసారి వాడాడు. పదార్థాన్ని అణువు దాకా వెళ్లి చెక్కగల పనితనం గురించి ఆయన మాట్లాడుతున్నాడు. ఆ మరుసటి ఏడాది, 1975లో, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి)కి చెందిన నవ్‌లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అనే నలుగురు ఒక పత్రం అచ్చువేశారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను ఎలా తీయాలన్నది దాని విషయం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, కలియతిప్పడానికి ఒక సాధనం. సరంజామా అంతే. ఆ పనికి వాళ్లు పెట్టిన పేరు 'నల్లగొండ పద్ధతి'.

ఈ రెండింటికీ చుట్టరికం ఉందని ఆ రోజుల్లో అని ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. నిజానికి దగ్గరి చుట్టరికమే ఉంది. బకెట్టు నీళ్లలో పటిక కలిపిన ప్రతి ఇల్లాలూ తెలియకుండానే నానోమీటర్లలో కొలిచే కణాలను తయారు చేసింది. ప్రయోగశాల లేకుండా, కరెంటు లేకుండా, నాలుగు పైసల ఖర్చుతో. తయారీ అంత తేలిక. ఆ కణం దేన్ని పట్టుకుంది, ఎంత పట్టుకుంది, పట్టుకున్నాక నీళ్లలోంచి పూర్తిగా బయటికి వచ్చిందా, వచ్చాక దాన్ని ఎక్కడ పారబోయాలి అన్నవే అసలు చిక్కులు. నానో కణాల గురించి ఇవాళ ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్నలు కూడా ఇవే. మన మెట్ట ఊళ్లు వీటిని యాభై ఏళ్ల కిందటే ఎదుర్కొన్నాయి.

గత భాగం చదవనివారి కోసం నాలుగు మాటలు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపురం ప్రాంతాల కింద ఉన్నది గ్రానైటు రాయి. దేవరకొండ దాటి కల్వకుర్తి వైపు నడిచినా నేల స్వభావం పెద్దగా మారదు. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను అది పట్టి కిందికి దించేస్తుంది. ఇక్కడి నీళ్లలో కాల్షియం తక్కువ, క్షారగుణం ఎక్కువ. అందువల్ల రాతిలోంచి ఊరిన ఫ్లోరైడ్ నీళ్లలోనే నిలిచిపోతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కావడంతో అది మరింత చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, మరో దారి లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చని మన ప్రమాణం. 2011లో అచ్చయిన ఒక పరిశీలనలో నల్లగొండ జిల్లా బావుల్లో 8.8 దాకా కనిపించింది.

ఈ ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వచ్చే జబ్బును దేశంలో శాస్త్ర పత్రికలకు ఎక్కించింది మన తెలుగు నేల నుంచే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి చుట్టుపక్కల ఊళ్లలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి రాశారు. నల్లగొండ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరంగా రాశాడు. సరిగ్గా అదే నెల 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. ఆ డ్యాం ఒక కొస నల్లగొండ జిల్లాలోనే ఉంది. నీళ్లు మాత్రం పల్లానికి పారతాయి. జలాశయం నిండు మట్టం 590 అడుగులు. మునుగోడు, మర్రిగూడల నేల అంతకంటే ఎంతో ఎత్తున ఉంది. ఎడమ కాలువ మిర్యాలగూడను పచ్చగా చేసింది, పడమటి మెట్ట ఊళ్లు బోరింగుల మీదే ఉండిపోయాయి. ఈ ఒక్క భూగోళ వాస్తవం లేకపోతే నల్లగొండ పద్ధతి అనేదే పుట్టేది కాదని నా నమ్మకం. నది పైకి రాదని తేలిపోయాకే బాయి నీళ్లను బాగుచేసుకోవాలన్న ఆలోచన గట్టిపడింది.

* * *

ఇక పటిక దగ్గరికి వద్దాం. ఈ కథలో అల్యూమినియం ఎన్నిసార్లు ఎదురవుతుందో గమనిస్తే ముచ్చటేస్తుంది.

పళ్లకు గార పట్టడానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని తేల్చినవారిలో ముఖ్యుడు హెచ్.వి. చర్చిల్. ఆయన అమెరికాలో ఒక అల్యూమినియం కంపెనీ, ఆల్కోవాలో రసాయన శాస్త్రవేత్త. ఆర్కన్సా రాష్ట్రంలో ఆ కంపెనీ గనుల ఊరు ఒకటి ఉంది. దాని పేరు బాక్సైట్. అక్కడి పిల్లల పళ్లు గోధుమరంగు మచ్చలతో ఉండేవి. అల్యూమినియం వంటపాత్రలు విషమన్న ప్రచారం అప్పటికే నడుస్తోంది. ఈ పళ్ల నింద కూడా తమ లోహం మీద పడుతుందేమోనని కంపెనీ భయపడింది. 1931లో చర్చిల్ ఆ ఊరి నీళ్లను వర్ణపటం తీసి పరీక్షిస్తే ఫ్లోరైడ్ దొరికింది, పది లక్షల పాళ్లకు 13.7 పాళ్లు. అల్యూమినియానికి అంటుతుందనుకున్న మరక అలా తొలగిపోయింది. మూడేళ్లు తిరక్కుండానే, 1934లో, బోరఫ్ అనే మరో అమెరికన్ అల్యూమినియం సల్ఫేటుతో, అంటే పటిక జాతి లవణంతోనే, ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి తగ్గించవచ్చని చూపించాడు. నిందితుడిగా నిలబడాల్సిన లోహం వైద్యుడి వేషంలో తిరిగి వచ్చింది.

మనవాళ్లకు పటిక కొత్త కాదు. బురద నీళ్లు తేరడానికి ఒకచోట చిల్లగింజ అరగదీసి కలిపితే మరోచోట పటిక ముక్క తిప్పేవాళ్లు. మంగలి పెట్టెలో పటిక ఉండేది. రంగు బట్టను విడవకుండా పట్టుకోవడానికి అద్దకం పనివాళ్లు పటికను వాడేవాళ్లు. తేలియా రుమాళ్లకు పేరుపడ్డ పుట్టపాక ఈ ఫ్లోరైడ్ ఊళ్ల నడుమే, నారాయణపురం మండలంలో ఉంది. అద్దకంలో పటిక చేసే పని, నీళ్లలో ఫ్లోరైడ్‌తో అది చేసే పని, రెండింటికీ మూలం ఒకటే. అల్యూమినియానికి పక్కనున్నదాన్ని అంటిపెట్టుకునే గుణం ఉంది.

బకెట్టులో జరిగేదేమిటో కొంచెం నిదానంగా చూద్దాం. పటిక నీళ్లలో కరగగానే అల్యూమినియం విడివడుతుంది. అది నీళ్లలోని క్షారాన్ని తినేస్తూ క్షణాల్లో హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మొదట పుట్టేవి కంటికి ఆనని అతి సన్నని కణాలు, నానోమీటర్లలో కొలవాల్సినవి. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. కొన్ని పరిస్థితుల్లో పదమూడు అల్యూమినియం పరమాణువులు ఒక గుత్తిగా చేరతాయని, ఆ గుత్తి అడ్డం సుమారు ఒక నానోమీటరని రసాయనవేత్తలు లెక్కగట్టారు. ఈ సన్నకణాలు ఒకదాన్నొకటి తాకి అతుక్కుంటూ, కాసేపటికి దూదిపింజల్లా కంటికి కనిపిస్తాయి. ఆ పింజల మీది హైడ్రాక్సిల్ స్థానాల్లోకి ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. పింజ బరువెక్కి అడుగుకు చేరుతుంది, పైన నీళ్లు తేరతాయి.

ఇందులో సన్నదనానికి ఎందుకంత విలువ? ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకుందాం. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని పది నానోమీటర్ల ముక్కలుగా కోస్తే ముక్కలన్నింటి ముఖాల వైశాల్యం 600 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఆరు గుంటల చెలక. పదార్థం అంతే, బరువు అంతే. ఫ్లోరైడ్ వచ్చి వాలడానికి చోటు మాత్రం అరవేలి ముక్క నుంచి ఆరు గుంటలకు పెరిగింది. నానో కణాల మీద ప్రపంచానికి ఉన్న మోజులో సగం ఈ లెక్కలోనే ఉంది. మిగతా సగం, ఆ సైజులో పదార్థం రంగు, గుణం మారిపోవడంలో ఉంది. 1857లో మైఖేల్ ఫారడే బంగారాన్ని అతి సన్నని కణాలుగా చేసి నీళ్లలో నిలిపితే నీళ్లు కెంపు రంగుకు తిరిగాయి.

ఇంకో మెలిక ఉంది. పింజ తాజాగా పుట్టినప్పుడే పట్టు ఎక్కువ. ముందే చేసిపెట్టుకున్న హైడ్రాక్సైడ్ పొడిని తెచ్చి కలిపితే అంత పని చేయదు. అందుకే పటికను ఆ నీళ్లలోనే, ఆ బకెట్టులోనే విరగనివ్వాలి. కణాన్ని వాడుక చోటే పుట్టించడం ఈ పద్ధతి గొప్ప.

* * *

నీరి ఇంజనీర్ల ప్రతిభ రసాయన చర్యను కనిపెట్టడంలో లేదు. దాన్ని బోరఫ్ ముందే చూపించాడు. వీళ్లు దానికి ఊరి కొలత వేశారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అన్న రెండు అంకెలు తెలిస్తే పటిక ఎంత వేయాలో పట్టికలో చూసుకోవచ్చు. సున్నం అందులో ఇరవయ్యో వంతు చాలు. బురద తేరడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాముల పటిక సరిపోతే, ఫ్లోరైడ్‌కు వందల మిల్లీగ్రాములు కావాలి. ఇంట్లో అయితే అడుగు నుంచి కొంచెం ఎత్తున కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్టు. సున్నం, బ్లీచింగ్ కలిపి, పటిక ద్రావణం పోసి, ముందు వేగంగా ఒక నిమిషం, తర్వాత పది ఇరవై నిమిషాలు నిదానంగా తిప్పాలి. గంటసేపు కదపకూడదు. ఊరికంతటికీ అయితే పెద్ద తొట్టి, మోటారుతో తిరిగే రెక్క. 1980ల చివర కేంద్రం తాగునీటి మీద టెక్నాలజీ మిషన్ పెట్టినప్పుడు ఈ తొట్లకు ఊపు వచ్చింది.

పద్ధతి మన జిల్లా పేరుతోనే సముద్రం దాటింది. టాంజానియాలో అరుషా దగ్గర ఎన్‌గుర్దోతోలో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం ఉంది. 1990లలో డెన్మార్క్ పరిశోధకులు అక్కడివాళ్లతో కలిసి దీన్ని రెండు బకెట్ల ఏర్పాటుగా మార్చారు. మొదటి దాంట్లో తిప్పి, తేరిన నీళ్లను గుడ్డ మీదుగా రెండో దాంట్లోకి వంపడం. ఇథియోపియా రిఫ్ట్ లోయ ఊళ్లలోనూ దీన్ని అమర్చారు. అగ్నిపర్వతాల నేల వాళ్లది, గ్రానైటు నేల మనది, నీళ్ల జబ్బు ఒకటే. అక్కడి ఇంజనీర్లు రాసే పత్రాల్లో నల్లగొండ అన్న పేరు ఊరు పేరుగా కాక ఒక పని పేరుగా కనిపిస్తుంది.

మరి ఇంట్లో ఎందుకు నిలవలేదు?

కొంచెం లెక్క వేద్దాం. తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు. లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక అనుకుంటే రోజుకు 20 గ్రాములు, నెలకు 600 గ్రాములు. ఖర్చు భరించలేనిదేమీ కాదు. భరించలేనిది రోజూ తిప్పడం. కూలికి పోయే ఆడమనిషి పొద్దున్నే నీళ్లు చేది తెచ్చి, కొలిచి, పది ఇరవై నిమిషాలు కర్ర తిప్పి, గంట ఆగి, వంచి, మడ్డి పారబోసి, బకెట్టు కడగాలి. ఒక్కరోజు మానేస్తే నష్టం కళ్లకు కనపడదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నడుం వంగడానికి ఏళ్లు పడుతుంది. ఎండాకాలంలో బాయి అడుగంటితే ఫ్లోరైడ్ పెరుగుతుంది, పటిక కొలత మారాలి. ఆ కొత్త కొలత ఎవరు చెప్పాలి? ఊరి తొట్ల సంగతీ ఇంతే. ఆపరేటర్ జీతం, పటిక సరఫరా, కరెంటు, మోటారు, ఇందులో ఏ ఒక్కటి ఆగినా తొట్టి ఎండిపోతుంది. కాగితం మీద చౌకగా కనిపించే పద్ధతులన్నీ ఎవరో ఒకరి రోజువారీ చాకిరీని ఉచితంగా లెక్కగడతాయి. నల్లగొండ పద్ధతి కూడా ఆడవాళ్ల చాకిరీని అలాగే లెక్కగట్టింది.

శాస్త్రం వైపు నుంచి వచ్చిన ఆక్షేపణలు వేరు, అవి ఇంకా లోతైనవి. ఒకటి: ఫ్లోరైడ్ అంతా పింజకు అంటుకుని అడుగుకు పోతుందా? అంతా పోదు. కొంత భాగం అల్యూమినియంతో జతకట్టి, కరిగిన రూపంలోనే పైన తేటలో ఉండిపోతుందని 1980ల నుంచి మన రసాయనవేత్తలే రాస్తూ వచ్చారు. ఈ జతకట్టిన ఫ్లోరైడ్‌ను మామూలు పరీక్ష పట్టకపోవచ్చు. పరీక్ష తగ్గిందని చెప్తుంది, నీళ్లలో మాత్రం ఇంకా ఉంటుంది. రెండు: తేటలో మిగిలిపోయే అల్యూమినియం. తాగునీళ్లలో అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం, అంతకంటే తక్కువుంటే ఇంకా మంచిది. పటిక ఎక్కువైనా, క్షారం తక్కువైనా, తిప్పడం తేడా వచ్చినా ఈ హద్దు దాటుతుందని పరీక్షల్లో తేలింది. మూడు: పటికలోని సల్ఫేటు నీళ్లలో చేరి రుచి మారడం.

అల్యూమినియం మీద భయం ఊరికే పుట్టలేదు. నల్లగొండ పద్ధతి అచ్చయిన మరుసటి ఏడాది, 1976లో, అమెరికాలో ఆల్ఫ్రీ బృందం ఒక సంగతి బయటపెట్టింది. డయాలసిస్ చేయించుకునే కొందరు రోగులకు మాట తడబడి, మతి చెదిరి, ప్రాణం పోయే జబ్బు వస్తోందని, వాళ్ల మెదడులో అల్యూమినియం ఎక్కువగా ఉందని. డయాలసిస్ సంగతి వేరని ఒప్పుకోవాలి. అక్కడ నీళ్లకూ రక్తానికీ నడుమ ఒక పల్చటి పొరే అడ్డు. తాగిన నీళ్లలోని అల్యూమినియంలో పేగు లోపలికి రానిచ్చేది చాలా తక్కువ, మూత్రపిండాలు బాగుంటే ఆ కాస్తా బయటికి పోతుంది. అయినా ఒక విషాన్ని తీయడానికి వేసిన మందు తానే మిగిలిపోవడం ఏ ఇంజనీరుకూ నచ్చే సంగతి కాదు.

మడ్డి మాట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది అదే. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్‌ను ఒకటికి దించితే, 40 లీటర్ల బకెట్టు అడుగున రోజుకు 160 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేరుతుంది. దాన్ని ఎక్కడ పోస్తారు? ఇంటి వెనక పెరట్లో. పెరడు కింద ఉన్నది అదే గ్రానైటు, అదే ఊట. వంద ఇళ్ల ఊళ్లో ఏడాదికి దాదాపు ఆరు కిలోలు. ఒక ఊరి నేలకు అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. ఎక్కడ పోయాలో చెప్పకుండానే పద్ధతిని ఇంటింటికీ పంపాం.

* * *

1996లో జనం తమ మాట తాము చెప్పారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి లోక్‌సభ ఎన్నికలను ఆయుధం చేసుకుంది. నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికల సంఘం పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. చివరికి కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచాడు. మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. పోతాయని తెలిసే కట్టారు. నానో కణాల చరిత్ర రాస్తూ ఎన్నికల దగ్గర ఆగడం వింతగా తోచవచ్చు. కానీ ఆ 480 మందిలో ఎక్కువమంది అడిగింది మెరుగైన పటికను కాదు, కృష్ణ నీళ్లను. ఏ పదార్థాన్నైనా ప్రజలు వాడతారా లేదా అన్నది దాని గుణం ఒక్కటే తేల్చదు. దానికి బదులు ఏముందన్నదీ తేలుస్తుంది.

ఆ తర్వాతి ఏళ్లలో ప్రయోగశాలల్లో అల్యూమినియం మరో రూపు ఎత్తింది. దేశంలో నానో పరిశోధనకు 2001లో ఒక కార్యక్రమం, 2007లో నానో మిషన్ వచ్చాయి. ఫ్లోరైడ్‌ను పట్టడానికి అప్పటికే వాడుకలో ఉన్న యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల బదులు నానో అల్యూమినా, నానో హైడ్రాక్సీఅపటైట్, మెగ్నీషియా, ఇంకా ఎన్నో పొడులు పత్రాల్లోకి ఎక్కాయి. చాలా పత్రాల్లో ఒక గ్రాము పొడి ఎంత ఫ్లోరైడ్ పట్టిందన్న అంకె పెద్దగా కనిపిస్తుంది. పట్టాక ఆ పొడిని నీళ్లలోంచి ఎలా వేరు చేస్తారన్నది కింద చిన్న వాక్యంలో ఉంటుంది. పటిక పింజకు ఒక మంచి గుణం ఉంది. అది తనంతట తాను పెద్దదై కిందికి దిగుతుంది. కొనితెచ్చి కలిపిన నానో పొడి అలా దిగుతుందన్న భరోసా లేదు.

దిగకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక జవాబు హైదరాబాద్ నుంచే వచ్చింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) 1944లో నిజాం ప్రభుత్వ ప్రయోగశాలగా మొదలైన సంస్థ. అక్కడి విషశాస్త్ర విభాగంలో పరంజీత్ గ్రోవర్ బృందం 30, 40 నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్ కణాలను ఎలుకలకు తినిపించి చూసింది. పోలిక కోసం అదే పదార్థపు ముతక పొడిని, 50 నుంచి 200 మైక్రాన్లది, మరికొన్ని ఎలుకలకు పెట్టింది. ఫలితాలు 2009లో మ్యూటజెనిసిస్ పత్రికలో వచ్చాయి. సన్నకణాలు తిన్న ఎలుకల రక్తకణాల్లో డీఎన్‌ఏ దెబ్బతింది. మోతాదు పెరిగేకొద్దీ దెబ్బ పెరిగింది. ముతక పొడి తిన్నవాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పదార్థం ఒకటే, మారింది సైజు.

ఇక్కడ ఆగి ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ఎలుకలకు పెట్టిన మోతాదు కిలో బరువుకు 500 నుంచి 2000 మిల్లీగ్రాములు. యాభై కిలోల మనిషికి పై మోతాదు లెక్కగడితే వంద గ్రాముల పొడి. ఎవరూ అంత తినరు. కాబట్టి ఈ పరీక్ష చూసి వణకాల్సిన పని లేదు. 'అల్యూమినా నిరపాయమైనదే కదా, నానో అల్యూమినా కూడా అంతే' అనే తర్కం మాత్రం ఇక చెల్లదు. ముతక రూపంలో సంపాదించుకున్న మంచిపేరు సన్నరూపానికి దానంతటదే రాదు. విడిగా పరీక్షించాలి.

నానో కణం పట్టును వాడుకుంటూనే దాన్ని నీళ్లలోకి జారిపోనివ్వకుండా ఆపవచ్చా? ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం దీనికి చూపించిన దారి నాకు బాగా నచ్చింది. వాళ్లు 2013లో అమెరికా జాతీయ అకాడమీ పత్రికలో ప్రచురించిన పనిలో మళ్లీ మన అల్యూమినియమే కనిపిస్తుంది. రొయ్యల పెంకు నుంచి వచ్చే కైటోసాన్‌తో, అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్‌తో గది వేడిలోనే ఇసుకరేణువుల్లాంటి గుళికలు చేశారు. సూక్ష్మజీవులను చంపే వెండి నానో కణాలను వాటి లోపల బంధించారు. కణం లోపలే ఉంటుంది, వెండి అయాన్లు మాత్రం కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. నీళ్లు గుళికల మీదుగా జారి వెళ్తాయి. పని అయిపోయాక గుళికలను గుళికలుగానే తీసేయవచ్చు. తిప్పే కర్ర లేదు, గంట ఎదురుచూపు లేదు. నల్లగొండ ఇల్లాలు 1975లో అడగాల్సిన కోరికల చిట్టా అది. ఆమెను అప్పుడు ఎవరూ అడగలేదు.

ఐఐసీటీలోనే మరో బృందం పొరల దారి పట్టింది. నానోఫిల్ట్రేషన్ పొరలో రంధ్రాలు సుమారు నానోమీటరంత. పొర మీది రుణావేశం ఫ్లోరైడ్‌ను నెట్టేస్తుంది, కొన్ని ఖనిజాలను పోనిస్తుంది. ఆర్‌వో కంటే తక్కువ ఒత్తిడి చాలు, కరెంటు మిగులుతుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో ఇలాంటి ప్లాంట్లను పెట్టి చూశారు. ఆ లోపు బజారు తన దారి తాను చూసుకుంది. ఊరూరా ఆర్‌వో ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చేశాయి. జనం వాటిని 'ఫిల్టర్ నీళ్లు' అన్నారు. పొర నెట్టేసిన ఫ్లోరైడ్ చిక్కటి వ్యర్థజలంగా ప్లాంటు వెనక మోరీలోకి వెళ్లింది. పెరట్లో మడ్డి పోసిన కథే ఇది, పైపు కొంచెం పెద్దది.

చివరికి నదే పైకి వచ్చింది. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో తాగునీటి పథకానికి పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత దాని పేరు మిషన్ భగీరథ. 2015లో వెయ్యికి దగ్గరగా ఉన్న తెలంగాణ ఫ్లోరైడ్ ఆవాసాలు 2020 నాటికి సున్నాకు వచ్చాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ సున్నా నల్లా నీళ్ల లెక్క. బాయి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గిందని దాని అర్థం కాదు. రాయి మారలేదు. నల్లా రాని రోజున బోరింగు కొట్టుకున్నవాళ్లు తాగేది పాత నీళ్లే. అదే నీళ్లు పొలాలకు పారుతున్నాయి, గొడ్లు తాగుతున్నాయి. అప్పటికే వంగిన ఎముకలు తిరిగి నిలబడలేదు.

పటిక బకెట్టు వంటింటి నుంచి వెళ్లిపోయింది గానీ నానో కణం ఈ జిల్లాలను విడిచిపోలేదు. ఈసారి పొలం గట్టు మీదుగా వచ్చింది. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో ప్రసాద్ బృందం 2012లో వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్ ఫలితాలు ప్రచురించింది. విత్తనానికి పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్ల చొప్పున పట్టిస్తే మొలక, వేరు, కాయ అన్నీ మెరుగు. అదే రెండు వేల పాళ్లు చేస్తే మొక్కకు చేటు. వేరుశనగ అంటే పాలమూరు గుండెకాయ పంట. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల రైతుకు ఈ వెయ్యికీ రెండు వేలకూ మధ్య గీత ఎవరు గీసి ఇస్తారన్నది పటిక నాటి ప్రశ్నే. తర్వాత 2021లో ఇఫ్కో నానో యూరియా సీసా వచ్చింది. మొదట వచ్చిన అర లీటరు సీసాలో ఉన్న నత్రజని 20 గ్రాములు. అది పూడుస్తుందన్న 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైమాట. గ్రాములకూ కిలోలకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కణం సన్నదనం ఎంతవరకు పూడ్చగలదు? పొలాల్లో జరిగిన పరీక్షలు ఏమన్నాయి? వచ్చే భాగంలో పాలెం పరిశోధన స్థానం మీదుగా ఆ లెక్కలోకి వెళ్దాం.